గోలుకూ గోలుకూ నడుమ: కోవిల్పట్టి ముందువరుస ఆటగాళ్ల కథ

2022 మే 23న జకార్తాలో ఆసియా కప్ హాకీ పోటీలు ఆరంభమైనాయి. తొలినాడే భారత్, పాకిస్తాన్ తలపడినాయి. తొమ్మిదవ నిమిషాన భారత్‌కు గోలు లభించింది. అది కార్తి సెల్వం పేరిట నమోదైంది. తమిళనాడులోని అరియలూరుకు చెందిన ఆ యువకునికి దేశం తరఫున అదే మొదటి ఆట. చివరి క్షణాలలో పాకిస్తాన్ గోలు చేసి 1-1తో ఆటను సమం చేసినప్పటికీ, మరునాటి పత్రికలలో ఆ కొత్త పేరు ప్రముఖంగానే కనిపించింది. అదే జట్టు ముందువరుసలో ఉన్న మరొక యువకుడు శక్తివేల్ మారీశ్వరన్. అతడు తూత్తుకుడి జిల్లా కోవిల్పట్టి వాసి. ఎనిమిది రోజుల తరువాత దక్షిణ కొరియాతో 4-4గా ముగిసిన హోరాహోరీ ఆటలో భారత్ చేసిన నాలుగవ గోలు అతనిదే.

ఇద్దరూ వేరువేరు జిల్లాలవారైనా, ఇద్దరికీ తీర్చిదిద్దిన శిక్షణ ఒక్కచోటనే లభించింది. అది తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ కోవిల్పట్టిలో నిర్వహిస్తున్న హాకీ ఉత్కృష్ట శిక్షణ కేంద్రం. భారత పురుషుల జట్టులో తమిళనాడు ఆటగాడు కనిపించక అప్పటికి దాదాపు పుష్కరకాలం గడిచింది. ఒకప్పుడు 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకు వాసుదేవన్ భాస్కరన్‌ను నాయకునిగా ఇచ్చిన రాష్ట్రం అది. అటువంటి రాష్ట్రానికి అంతటి విరామం చిన్నది కాదు. విశేషమేమంటే, జకార్తాలో వీరు ఆడుతున్న ఆ మే నెలలోనే కోవిల్పట్టి మైదానంలో జాతీయ జూనియర్ పురుషుల హాకీ పోటీలు జరుగుతున్నాయి. ఊరి మైదానానికి దేశం నలుమూలల నుంచి జట్లు రావడం, ఊరి కుర్రవాడు దేశం తరఫున విదేశంలో ఆడడం ఒకే మాసంలో సంభవించింది.

ఆ మాసం నాటి ఉత్సాహాన్ని ప్రక్కన పెట్టి, తరువాత ఏమి జరిగిందన్నది పరిశీలిస్తే చిత్రం వేరుగా కనిపిస్తుంది. ముందువరుస ఆటగాని జీవితం గోళ్ల పట్టికగా చదవడానికి సులువుగా ఉంటుంది. కాని ఆ పట్టికలో గోలుకూ గోలుకూ నడుమ ఉండే నెలలు, సంవత్సరాలు కనిపించవు. ఆ ఖాళీ కాలంలో అతనికి అన్నం పెట్టేది ఎవరు, మైదానం చూపేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో ఆ ప్రశ్నకు ఇంతవరకు సగం సమాధానమే లభించింది.

నల్లరేగడి సీమ

మదురై నుంచి తిరునల్వేలికి పోయే రైలుమార్గంలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్పట్టి వరుసగా వస్తాయి. జిల్లా సరిహద్దులు వేరైనా నేల ఒక్కటే. తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి అది. వాన పడితే పత్తి, మినుము, చిరుధాన్యాలు. పడకపోతే ఏమీ లేదు. తెలుగు పాఠకులకు ఈ సీమ పరాయిది కాదు. విజయనగర, నాయకరాజుల కాలంలో తరలివెళ్లిన తెలుగు కుటుంబాల సంతతి ఇక్కడి పల్లెలలో నేటికీ ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతున్నది. ఆ వలసల గాథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రచించిన కి. రాజనారాయణన్ కోవిల్పట్టి దాపునగల ఇడైసెవల్ గ్రామస్థుడు, తెలుగు మాతృభాషగా గలవాడు. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన 2021 మే 17న పరమపదించారు. కట్టబొమ్మన్‌ను 1799లో ఉరితీసిన కయత్తారు, తెలుగు జమీందారుల ఎట్టయాపురం కూడా చేరువలోనే ఉన్నాయి. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం రాజుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఊరి కుమారస్వామిరాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు.

వాన నమ్మరాని ఈ నేలపై జనాన్ని నిలబెట్టినది అగ్గిపుల్ల. 1920వ దశకంలో శివకాశిలో మొదలైన అగ్గిపెట్టెల తయారీ సాత్తూరు, కోవిల్పట్టిలకు వ్యాపించి ఇంటింటి పనిగా మారింది. దాని వెంట బాలకార్మిక వ్యవస్థ అనే అపకీర్తి కూడా వచ్చింది. పుల్లలు పేర్చడానికి, పెట్టెలు అంటించడానికి చిన్న చేతులే చురుకైనవని యజమానులు భావించిన కాలం ఒకటున్నది. శివకాశి కర్మాగారాల గురించి ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పనిలో పెట్టుకున్న ప్రతి బాలునికీ యజమాని 20,000 రూపాయల చొప్పున సంక్షేమ నిధికి చెల్లించాలని ఆదేశించింది. ఆ తీర్పు వెలువడిన నాటికి ఊహ కూడా తెలియని తరం, లేదా అటు తరువాత జన్మించిన తరం, నేడు హాకీ కర్ర పట్టుకుని మైదానంలో ఉన్నది. వారి తల్లిదండ్రులలో పలువురు బాల్యంలో ఏమి చేసి ఉంటారో ఊహించడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు.

అగ్గిపెట్టె ధర 2007 నుంచి ఒక రూపాయి వద్దనే నిలిచి, 2021 డిసెంబరు 1న రెండు రూపాయలకు పెరిగింది. పద్నాలుగేళ్లపాటు కదలని ధరతో నడిచిన పరిశ్రమలో కూలి ఎంత పెరిగి ఉంటుంది? అటువంటి ఇంటి నుంచి వచ్చే కుర్రవానికి కర్ర, బూట్లు, ప్రయాణపు ఖర్చులు ఎవరో ఒకరు సమకూర్చవలసిందే. ఆ సమకూర్చే చేయి ఏ వయసు వరకు ఉంటుందన్నదే అతని భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

హాకీ పట్టణమనే పేరు

తమిళనాట బంతాటలలో ఫుట్‌బాల్‌కు అభిమానులు ఎక్కువ. చెన్నైలోనూ, కన్యాకుమారి తీరంలోనూ దానిదే పెత్తనం. కోవిల్పట్టి మాత్రం తరతరాలుగా హాకీని పట్టుకున్నది. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిలభారత హాకీ పోటీలకు బ్యాంకుల, రైల్వేల, ప్రభుత్వరంగ సంస్థల జట్లు వచ్చి ఆడుతుంటే ఊరి జనం గట్టుమీద కూర్చుని చూస్తారు. చిక్కీకి పెట్టింది పేరైన ఊరిలో (కోవిల్పట్టి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది) ఆ పొట్లాలతో పాటే హాకీ ముచ్చట్లు కూడా చేతులు మారుతుంటాయి.

ఐతే ఊరి అభిమానం ఆటగాణ్ణి ఒక మెట్టు వరకే తీసుకుపోగలదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ కృత్రిమ పచ్చికపైకి మారినది మొదలు, మట్టి మైదానంలో నేర్చిన విద్యకు విలువ తగ్గింది. మట్టిపై బంతి ఎగురుతుంది, తడబడుతుంది. దానిని మచ్చిక చేసుకోవడమే నేర్పు. కృత్రిమ పచ్చికపై బంతి గీత గీసినట్లు దూసుకువస్తుంది. ముందువరుస ఆటగాడు అర్ధక్షణంలో దానిని అందుకుని, మెడ తిప్పకుండానే గోలు ఎటు ఉన్నదో తెలిసి కొట్టాలి. పదిహేనేళ్ల వయసులోపు ఆ నేలపై కాలు మోపని వానికి ఆ వేగం అలవడడం దుర్లభం. కోవిల్పట్టిలో కృత్రిమ మైదానం ఏర్పడి, దాని ప్రక్కనే వసతితో కూడిన శిక్షణ కేంద్రం నెలకొన్న తరువాతనే జకార్తాకు దారి తెరుచుకున్నదన్నది నిర్వివాదాంశం.

ఇందులో ఒక వైచిత్రి ఉన్నది. ఈ రకపు మైదానాన్ని ఆటకు ముందు నీటితో తడపాలి. లేనిచో బంతి సరిగా జారదు, పడిన ఆటగాని మోకాలి చర్మం లేచిపోతుంది. కోవిల్పట్టి త్రాగునీటికే తామ్రపర్ణి నుంచి గొట్టాల ద్వారా వచ్చే నీటిపై ఆధారపడిన పట్టణం. బిందెల వరుసలు తెలిసిన ఊరిలో మైదానానికి నీరు పట్టడం ఎంత సున్నితమైన వ్యవహారమో పాలకులు గుర్తించాలి. తక్కువ నీటితో నడిచే పచ్చికను పారిస్ ఒలింపిక్స్‌లో ఉపయోగించారు. అటువంటిది ఇటువంటి పట్టణాలకే ముందుగా కావాలి.

గోళ్ల లెక్కలోని లోపం

ముందువరుస ఆటగాణ్ణి ఎలా అంచనా వేయాలి? గోళ్లు లెక్కించి అన్నది సామాన్యుని సమాధానం. అది నేటి హాకీకి సరిపోదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టు ఎనిమిది ఆటలలో మొత్తం 15 గోళ్లు చేసింది. వాటిలో 10 రక్షణవరుసలో ఆడే నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌వే. అన్నీ పెనాల్టీ కార్నర్లు, పెనాల్టీ స్ట్రోకుల ద్వారా వచ్చినవే. ఒకటి మధ్యవరుసలోని వివేక్ సాగర్‌ది. ముందువరుసలోని ఐదుగురూ కలిసి చేసినవి నాలుగే: అభిషేక్ రెండు, మన్‌దీప్ సింగ్ ఒకటి, సుఖ్‌జీత్ సింగ్ ఒకటి. లెక్క మాత్రమే చూసేవాడు ఆ ఐదుగురూ విఫలమయ్యారని తీర్మానిస్తాడు. వాస్తవానికి ఆ పది గోళ్లకు దారి వేసినది చాలావరకు వారే. ప్రత్యర్థి వలయంలోకి బంతితో చొరబడి, రక్షకుని పాదానికి బంతి తగిలేలా చేసి పెనాల్టీ కార్నర్ సంపాదించడం, బంతి పోయిన మరుక్షణం వెనుదిరిగి వెంటాడడం నేటి ఫార్వర్డ్ పని. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకునే వీలు ఉండడంతో అతడు కొద్ది నిమిషాల చొప్పున మైదానంలోకి వచ్చి, ఉన్న శక్తినంతా ఖర్చు చేసి, బెంచీకి మరలిపోతాడు. ఈ శ్రమ పత్రికల గణాంకాలలోకి ఎక్కదు. ఎంపిక సంఘం కంటికి మాత్రం ఆనాలి.

అక్కడే చిన్న ఊరి ఆటగానికి చిక్కు వస్తుంది. గోలు ఎక్కడ చేసినా గోలే. కాని వెంటాడే శ్రమ, స్థానం ఎరిగి నిలబడే నేర్పు జాతీయ శిబిరంలో నెలల తరబడి ఉంటేనే శిక్షకుని దృష్టిలో పడతాయి. ఒకసారి శిబిరం నుంచి జారిపోయినవాడు తిరిగి చేరడానికి గోళ్లనే నిచ్చెనగా వేసుకోవాలి.

కార్తి సెల్వం ప్రస్థానం ఇందుకు చక్కని ఉదాహరణ. 2022 ఏప్రిల్‌లో భోపాల్‌లో జరిగిన జాతీయ సీనియర్ పోటీలలో తమిళనాడు తుదిపోరుకు చేరి హరియాణా చేతిలో ఓడింది. ఆ తరువాతి నెలలోనే జకార్తా. ఆ ఏడాది నవంబరులో భువనేశ్వర్‌లో న్యూజిలాండ్‌పై భారత్ 7-4తో గెలిచిన ఆటలో అతనివి రెండు గోళ్లు. 2023 మార్చిలో రూర్కెలాలో, అప్పటికి రెండు నెలల క్రిందటనే ప్రపంచకప్ గెలిచిన జర్మనీపై భారత్ 6-3తో నెగ్గినప్పుడు మళ్లీ రెండు. 2023 ఆగస్టులో చెన్నై మేయర్ రాధాకృష్ణన్ మైదానంలో జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీలో మలేసియాపై ఒకటి, సెమీఫైనల్‌లో జపాన్‌పై ఒకటి. సొంత రాష్ట్రపు ప్రేక్షకుల ఎదుట ట్రోఫీ గెలిచిన జట్టులో అతడున్నాడు.

ఐనా మరుసటి నెలలో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టులో అతనికి చోటు దక్కలేదు. ఆ జట్టు స్వర్ణం గెలిచి పారిస్‌కు నేరుగా అర్హత పొందింది. పారిస్‌కు వెళ్లిన జట్టులోనూ అతడు లేడు. 2025 ఆగస్టులో రాజ్‌గిర్ ఆసియా కప్‌కు భారత జట్టును ప్రకటించినప్పుడు అతని పేరు ఉన్నది, ప్రత్యామ్నాయ ఆటగాళ్ల వరుసలో. ఆ కప్‌ను భారత్ కొరియాపై 4-1తో గెలుచుకున్నది. దీనిని అన్యాయమని కేకలు వేయనక్కరలేదు, పోటీ అంతటిది. పంజాబ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చే ఫార్వర్డ్‌లు ఒకరిని మించి ఒకరు. కాని గుమ్మం దాటి లోపలికి వెళ్లినవాడు గుమ్మంలోనే నిలబడవలసివచ్చిన ఈ రెండు సంవత్సరాలకు మించిన కాలం ఒక ఫార్వర్డ్ వృత్తి జీవితంలో అయిదవ వంతుకు తక్కువ కాదు. ఇక ఒక ఆసియా కప్‌లో కనిపించి, కొరియాపై ఆ గోలు చేసిన మారీశ్వరన్ సంగతి చెప్పేదేమున్నది? కోవిల్పట్టికి అతడు ఊరి గర్వకారణం. ఎంపిక పట్టికలలో అతని పేరు ఆ తరువాత అరుదైంది.

ఫుట్‌బాల్ దారి వేరా?

హాకీలో నిలకడ లేదు కనుక ఫుట్‌బాల్‌కు పోవడం మేలని వాదించేవారున్నారు. విరుదునగర్‌కు పొరుగున ఉన్న శివగంగ జిల్లా కందనూరు నుంచి వచ్చిన శివశక్తి నారాయణన్ వారి వాదనకు ఊతం. బెంగళూరు ఎఫ్‌సి స్ట్రైకర్‌గా అతడు 2022 సెప్టెంబరులో కోల్‌కతాలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో ముంబయి సిటీపై తొలి గోలు చేశాడు. బెంగళూరు 2-1తో కప్ గెలిచింది. ఆ సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ ఉత్తమ వర్ధమాన ఆటగానిగా ఎంపికయ్యాడు. క్లబ్బు ఒప్పందం, నెలనెలా జీతం, టీవీ తెరపై ముఖం: హాకీ కుర్రవానికి కలలో కూడా దొరకని సౌకర్యాలవి.

ఆ సౌధం కూడా ఇసుకపైనే నిలిచి ఉన్నదని 2025లో తేలిపోయింది. అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నిర్వాహక సంస్థకూ మధ్య ఒప్పందం ముగింపుకు రావడంతో జూలైలో సూపర్ లీగ్ వాయిదా పడింది. ఆగస్టులో బెంగళూరు క్లబ్బే తన మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా నిలిపివేసినట్లు ప్రకటించింది. పాతికేళ్లైనా నిండని స్ట్రైకర్ కాళ్లలో సత్తువ ఉన్నా ఆడడానికి లీగ్ లేక కూర్చోవలసివచ్చింది. తెలుగునేల నుంచి నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య గోకులం కేరళ, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు మారుతూ సాగించిన ప్రయాణం కూడా ఇదే చెబుతుంది. ప్రతిభ ఉన్నవారు ఊరు విడవాలి, క్లబ్బు ఎక్కడుంటే అక్కడికి పోవాలి.

అర్ధశతాబ్దికి పూర్వం పరిస్థితి ఎలా ఉండేది? సికింద్రాబాద్ దాపున అమ్ముగూడలో 1936లో తమిళ కుటుంబంలో జన్మించిన తులసీదాస్ బలరాం సంగతి ఇక్కడ స్మరించదగినది. (కోవిల్పట్టి పల్లెలలో తెలుగు కుటుంబాలు స్థిరపడినట్లే, సికింద్రాబాద్ దండు బస్తీలలో తమిళ కుటుంబాలు స్థిరపడినాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరూ తక్కువ తినలేదు.) హైదరాబాద్ శిక్షకుడు రహీం చేతిలో పదునెక్కిన బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోళ్లు చేశాడు. 1962లో ఇదే జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఆడాడు. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి సోకి, ఇరవై ఏడేళ్లైనా నిండకముందే బూట్లు విప్పవలసివచ్చింది. అతని ఆట అంతటితో ముగిసింది, బ్రతుకుతెరువు ముగియలేదు. ఈస్ట్ బెంగాల్ నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారిన అతనికి రైల్వే కొలువు ఆధారమైంది. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసేవరకు అతనికి పురస్కారాల విషయంలో మనస్తాపం ఉండేది గాని, ముప్ఫై ఏళ్లకు ముందే ఆట పోయినవాడు వీధిన పడలేదు.

ఆ రైల్వే కొలువు స్థానంలో నేడు ఏమున్నది? హాకీ ఇండియా లీగ్ ఏడేళ్ల విరామం తరువాత 2024 డిసెంబరు 28న మళ్లీ మొదలైంది. తమిళనాడు డ్రాగన్స్ పేరిట ఒక జట్టు వచ్చింది, అందులో కార్తి సెల్వం ఆడాడు. మంచిదే. కాని లీగ్ ఏడాదిలో కొద్ది వారాల ముచ్చట. మిగిలిన కాలానికి ఆదాయం చూపగలిగినవి రైల్వేలు, బ్యాంకులు, చమురు సంస్థలు, సాయుధ బలగాలే. వాటిలో క్రీడా నియామకాలు అంతర్జాతీయ పతకం ఉన్నవారివైపు మొగ్గుతాయి. జకార్తాకు వెళ్లినవాడు ఆ తలుపు తట్టగలడు. జకార్తాకు వెళ్లలేని అతని గది మిత్రుడు, అదే కేంద్రంలో అదే అన్నం తిని అదే నేలపై అయిదేళ్లు పరుగెత్తినవాడు, ఏ తలుపు తట్టాలి?

మదురైలో మేళా

2025 నవంబరు 28 నుంచి డిసెంబరు 10 వరకు జూనియర్ పురుషుల ప్రపంచకప్ హాకీ చెన్నై, మదురైలలో జరిగింది. తొలిసారిగా 24 జట్లకు చోటిచ్చిన పోటీ అది. పాకిస్తాన్ విరమించుకోగా ఒమన్ వచ్చింది. మదురైలో ఇందుకోసమే అంతర్జాతీయ స్థాయి మైదానం వెలసింది. డిసెంబరు 2న భారత్ అక్కడ స్విట్జర్లాండ్‌ను 5-0తో ఓడించింది. విరుదునగర్ నుంచి మదురైకి గంట ప్రయాణం. కోవిల్పట్టి నుంచి మరికొంత. చివరకు కప్ జర్మనీకి దక్కింది. శ్రీజేష్ శిక్షణలోని భారత్ అర్జెంటీనాపై 4-2తో గెలిచి కాంస్యం అందుకున్నది.

నిర్వహణలో లోటు లేదు. కాని ఆ పద్ధెనిమిది మంది భారత జట్టులో తమిళనాడు కుర్రవాడు ఒక్కడూ లేడు. గృహస్థు విందు ఏర్పాటు చేసి, తన బిడ్డలకు విస్తరి వేయడం మరచిన చందంగా ఉన్నది. పొరపాటు ఎంపిక సంఘానిది అనడం తొందరపాటు. 2022లో కోవిల్పట్టి నుంచి ఇద్దరు వెళ్లినప్పుడు, వారి వెనుక మరో ఇరవైమంది సిద్ధంగా ఉండి ఉంటే ఈ శూన్యం ఏర్పడేది కాదు.

ఒడిశాను చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు ప్రాయోజకత్వం వహిస్తున్నదన్న సంగతి అందరికీ తెలుసు. అంతకన్నా ముఖ్యమైనది సుందర్‌గఢ్ జిల్లాలోని 17 బ్లాకులలోనూ కృత్రిమ మైదానాలు వేయాలని పూనుకోవడం. దిలీప్ టిర్కీ, అమిత్ రోహిదాస్‌ల వంటివారు ఆ జిల్లా నుంచి రావడం వెనుక హాస్టళ్లు, వారి ఊళ్ల మధ్య నిత్యం జరిగే పోటీలు ఉన్నాయి. పిల్లవాడు బాగా ఆడేవారితో వారంవారం తలపడితేనే రాటుదేలుతాడు. ఒకే పట్టణంలో ఒకే మైదానం ఉంటే, ఎంత గొప్ప శిక్షణ ఇచ్చినా, అతడు తన సహచరులతోనే ఆడుకుంటూ ఉండాలి.

ఈ దృష్టితో చూస్తే కోవిల్పట్టి సమస్యకు పరిష్కారం కోవిల్పట్టిలో లేదు. రైలుమార్గంపై అటూ ఇటూ ఉన్నది. సాత్తూరు, విరుదునగర్, అరుప్పుకోట, శ్రీవిల్లిపుత్తూరు పాఠశాలలకు ఆటలో వాటా కావాలి. విరుదునగర్ కామరాజ్ పుట్టిన ఊరు. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టి పాఠశాల గడప తొక్కించిన ముఖ్యమంత్రి ఆయన. 2022 సెప్టెంబరులో మదురైలో ప్రారంభమైన ఉదయపు అల్పాహార పథకం ఆ బాటలోనిదే. తిండి దొరికిన పిల్లవాడు పరుగెత్తగలడు. పరుగెత్తడానికి చోటు, ఆడడానికి ఎదుటి ఊరి జట్టు, నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడు ఇక మిగిలిన అవసరాలు. ఈ మూడింటికీ అంతర్జాతీయ మైదానమంత ఖర్చు కాదు.

కొలువుల విషయంలోనూ ఈ సీమ నిస్సహాయమైనది కాదు. కేంద్రం 2023లో ప్రకటించిన ఏడు భారీ జౌళి పార్కులలో ఒకటి విరుదునగర్ జిల్లాకు వచ్చింది. రాజపాళయంలో సిమెంటు, నూలు పరిశ్రమలున్నాయి. శివకాశిలో ముద్రణాలయాలు, బాణసంచా, అగ్గిపెట్టెల కర్మాగారాలున్నాయి. వీటి యజమానులు పదకొండుమందికి కొలువులిచ్చి ఒక్కొక్క జట్టు నడిపినా, ఇరవై రెండేళ్ల వయసులో కర్రను అటక మీద పెట్టే కుర్రవాళ్లు తగ్గుతారు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉన్నది. అందులో జాతీయ పోటీలలో రాష్ట్రానికి ఆడినవానికి ఎంత చోటు, పతకధారికి ఎంత చోటు అన్నది మరింత స్పష్టం కావాలి.

ఈ చర్చ సరిహద్దుకు ఇవతల ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. హైదరాబాద్ ఒకప్పుడు ముఖేష్ కుమార్ వంటి ఫార్వర్డ్‌ను మూడు ఒలింపిక్స్‌కు పంపింది. పూర్వపు చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఎతిమరపు రజని భారత మహిళల జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగింది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాల నుంచి ముందువరుసలో నిలబడగల హాకీ పురుష ఆటగాడు ఎవరని అడిగితే చప్పున పేరు స్ఫురించదు. కోవిల్పట్టికి ఉన్నపాటి వసతి కేంద్రం, దానికి ఊరి జనం ఇచ్చే మద్దతు మన జిల్లాలలో ఎన్ని పట్టణాలకు ఉన్నాయి? పొరుగువారి లోపాలు ఎంచేటప్పుడు వారు ఎక్కిన మెట్లను కూడా లెక్కించడం న్యాయం.

తక్షణం జరగవలసినది ఒక చిన్న పని. కోవిల్పట్టి కేంద్రం ఆరంభమైన నాటి నుంచి అక్కడ చేరిన ప్రతి ఆటగాడూ నేడు ఎక్కడున్నాడు, ఆడుతున్నాడా, కొలువులో ఉన్నాడా, అగ్గిపెట్టెల షెడ్డుకో నూలు మిల్లుకో మరలిపోయాడా అన్న వివరాన్ని క్రీడాభివృద్ధి సంస్థ పేర్లు లేకుండానైనా ప్రకటించవచ్చు. జకార్తాకు వెళ్లిన ఇద్దరి గురించి ప్రపంచానికంతటికీ తెలుసు. మిగిలినవారి లెక్క ఒక్క పుటకు మించదు.